సారె పొట్టు, నాగావళి ఇసుక

రథసప్తమి వెళ్ళిన నాలుగోనాడు, బుధవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, విజయనగరం నుంచి వచ్చిన లాబ్ అమ్మాయి రాజాంలో మా ఇంటి ముందు ఆటో దిగింది. చేతుల్లో అట్టపెట్టె. అందులో పాత గుడ్డముక్కల మధ్య ఏడు గాజుసీసాలు. ఒక్కో సీసా అడుగున వేలెడు మందాన జున్నులాంటి జెల్లీ, ఆ జెల్లీలో పన్నెండేసి మొక్కలు. ఒక్కొక్కటీ చిటికెనవేలంత. ఎనభై నాలుగు కనకాంబరాలు.

"ఇవే మామ్మగారూ, ఇంకేం లేవు" అంది ఆ పిల్ల, పెట్టె నా చేతిలో పెడుతూ. "మా దగ్గర దాచిన తల్లి కల్చర్‌కి, అదే ఈ పిల్లలు తీసిన మూలానికి, బ్యాక్టీరియా పట్టింది. పోయిన వారం పారేశాం. వీటిని మీరే నిలబెట్టుకోవాలి."

ఆ మాట అర్థం కావాలంటే ఆ కనకాంబరం సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే మా తోటికోడలి సంగతి చెప్పాలి.

నాది గజపతినగరం వైపు. మా మరిది భార్యది నౌపడ. నా పెళ్ళైన ఆరేళ్ళకి ఆమె ఈ ఇంటికి వచ్చింది. మగవాళ్ళిద్దరూ వడ్ల వ్యాపారంలో ఉంటే మేమిద్దరం పెరట్లో మొక్కలు పెంచి అమ్మడం మొదలుపెట్టాం. అదే తర్వాత నర్సరీ అయింది. నేను లెక్కలు చూసేదాన్ని, ఆమె కొమ్మలు గుచ్చేది. ఆమె నన్ను అప్పా అని పిలిచేది. నేను ఒసే అనేదాన్ని. ఎదుటివాళ్ళకి అది తిట్టులా వినిపించేదేమో తెలియదు. ఆమె పోయాక ఎవరినీ ఒసే అని పిలవలేదు. పిలవడానికి ఎవరూ లేరు.

పెళ్ళై వచ్చిన రోజున ఆమె పెట్టెలో చీరల మీద తడిగుడ్డ చుట్టిన కొమ్మ ఒకటి ఉంది. పుట్టింటి నూతిగట్టు మీది కనకాంబరం. బజారులో అమ్మే కనకాంబరాల రంగు కాదు దానిది. మెత్తగా ఉడికిన కందిపప్పు రంగు. అది గింజ కట్టదు. కొమ్మ గుచ్చి పెంచుకోవలసిందే. ఏళ్ళ తరబడి ఆమె దాన్ని అలాగే నిలబెట్టింది. నాకు జడ వేసేటప్పుడు మల్లెల మధ్య ఒక్కో మూర ఇది కలిపి కట్టేది. అమ్మకానికి మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. ఎవరైనా అడిగితే, "అది మా అమ్మ. అమ్మని అమ్ముకుంటానేటి?" అనేది.

మొక్కలకి ఏ మట్టి వాడాలన్న దగ్గరే మా ఇద్దరికీ రోజూ పేచీ. కొమ్మలు గుచ్చడానికి ఆమెకి నాగావళి ఇసుక తప్ప మరొకటి గిట్టేది కాదు. నేను ఇసుక తడి ఆపదనేదాన్ని. కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు, ఎర్రమట్టి కొలిచి కలిపేదాన్ని.

"ఇసకలో ఏటీ ఉండదప్పా. అందుకే వేరు ఎతుక్కుంటాది. నువ్వు పరమాన్నం వండి పెడతన్నావు. పరమాన్నం తినీసినోడు పనికెల్తాడేటి?"

"పస్తులుంటే మాత్రం వెళ్తాడా?"

"నీ కొలతలు సూసి మొక్కలు బయపడతన్నాయి. రేపు బిల్లు కట్టమంటావేటోనని."

ఇలా నలభై ఏళ్ళు. ఇద్దరి చేతిలోనూ మొక్కలు బతికాయి, ఇద్దరి చేతిలోనూ చచ్చాయి. ఎవరు గెలిచారో తేలలేదు.

మా మరిది ముందే పోయాడు. ఆమె ఆషాఢంలో పోయింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. మరుసటి ఏడు వానల్లో కనకాంబరం వేళ్ళకి పురుగు పట్టింది. వేరు మీద ఆవగింజల్లాంటి బుడిపెలు, పై ఆకు పండిపోవడం. కొమ్మలు తుంచి ఇసుకలో గుచ్చాను, పొట్టులో గుచ్చాను. ఒక్కటీ అంటుకోలేదు. నౌపడకి ఫోన్ చేస్తే, వాళ్ళ నూతిగట్టు మీది మొక్క ఎప్పుడో తుఫానులో పోయిందన్నాడు ఆమె అన్న.

ఆంథూరియం, జెర్బెరా పిల్లమొక్కలు మా నర్సరీకి విజయనగరంలోని చిన్న లాబ్ నుంచి వచ్చేవి. అక్కడి అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. ఆమె వచ్చి, కొమ్మల కొసల్లో ఇంకా పచ్చగా ఉన్న మొగ్గలు ఏడెనిమిది గిల్లుకుని తీసుకుపోయింది. అది భాద్రపదం. కార్తీకంలో తల్లిమొక్క ఎండిపోయింది. పీకి పారేయడానికి చేతులు రాక సంక్రాంతి దాకా అలాగే ఉంచాను. తర్వాత పురుగు పక్క మొక్కలకి పాకుతుందని పీకి తగలబెట్టాను.

అందుకే ఏడు సీసాలు.

సీసాల్లో పెరిగిన మొక్కలు చూడడానికి ముద్దుగా ఉంటాయి గాని, బయటికి తీస్తే పూటలో వాలిపోతాయి. లాబ్ అమ్మాయి మొదటిసారి జెర్బెరాలు తెచ్చినప్పుడే నాకు వివరంగా చెప్పింది. సీసాలో ఎప్పుడూ తేమే. అక్కడి ఆకుకి మైనపు పూత పట్టదు. ఆకుకి ఉండే సన్నటి రంధ్రాలు మూసుకోవడం నేర్చుకోవు. "తలుపుల్లేని ఇల్లు అనుకోండి మామ్మగారూ. ఎండ వస్తే వచ్చింది, నీళ్ళు పోతే పోయాయి" అంది. వేరు కూడా పేరుకే వేరు. జెల్లీలో తియ్యటి నీళ్ళు తాగి పెరిగింది గాని, మట్టిని పట్టుకోవడం ఎరగదు. కాబట్టి పైన పాలితీన్ గుడారం కట్టి తేమ ఉంచాలి. కింద ఏం వేస్తామన్నది అంతకన్నా ముఖ్యం. అది తడి ఆపాలి, గాలి ఆడాలి, బూజు ఉండకూడదు, ఉప్పు ఉండకూడదు. ఈ నాలుగూ ఒకచోట దొరకవు. తడి ఆపేది గాలి ఆపుతుంది. గాలి ఇచ్చేది తడి వదిలేస్తుంది.

సీసాలను నాలుగు రోజులు వరండాలో నీడన ఉంచాను, ఇంటి వెలుతురు అలవాటు కావాలని. ఈలోగా ఏం వేయాలో తేల్చుకోవాలి.

లాబ్ వాళ్ళ పద్ధతి కొబ్బరిపొట్టు రెండు పాళ్ళు, పెర్లైట్ ఒక పాలు. పెర్లైట్ అంటే మరమరాల్లా పొంగిన తెల్లరాయి. ఆ అమ్మాయే ఒక సంచి ఇచ్చి వెళ్ళింది. మా దగ్గర దొరికేది కాల్చిన ఊక. రైసుమిల్లు వాళ్ళు బాయిలర్లో కాల్చి కుప్ప పోస్తారు. అందులో తెల్లగా బూడిదైపోయినది వద్దు, అది సున్నంలా కొరుకుతుంది. నల్లగా, ఊక ఆకారం చెడకుండా ఉన్నదే ఏరుకోవాలి. దాన్ని మూడు నీళ్ళు కడిగి ఆరబెట్టాను. పెరట్లో ఒక మూల తోటికోడలు జల్లించి పోసుకున్న నాగావళి ఇసుక ఇంకా అర బస్తా ఉంది. ఆ బస్తా మూతికి ఆమె కట్టిన ముడి అలాగే ఉంది. అటు వెళ్ళలేదు.

ఇక కొబ్బరిపొట్టు. బజారులో ఇటుకల్లా అదిమి అమ్ముతారు. నాలుగు ఇటుకలు కొందామనుకుంటూ ఉండగా శుక్రవారం నౌపడ నుంచి తోటికోడలి అన్న, ఆయన భార్య దిగారు. ఆయనకి డెబ్బై నాలుగు. ఆవిడ నాకన్నా రెండేళ్ళు పెద్ద, నాకు వదిన వరస. ఆటోలోంచి రెండు గోనెసంచులు దింపించి, గుమ్మం ముందు నిలబెట్టి, వాటికి పసుపు రాసి బొట్టు పెట్టారు. పక్కన అరటిపళ్ళ గెల, ఒక జాకెట్టు గుడ్డ.

"ఏటన్నయ్యా ఇది?" అన్నాను.

"సారె" అన్నాడాయన. "మా సెల్లి మొక్కలు పురిటికొచ్చినాయని ఫోన్లో సెప్పినావు కదమ్మా. పుట్టింటోలం వొట్టి సేతుల్తో వస్తామేటి?"

రెండు సంచుల్లోనూ కొబ్బరిపొట్టు. వాళ్ళ ఊళ్ళో పీచు తీసే షెడ్డు దగ్గర్నుంచి తెచ్చింది. పొడిగా, ఎర్రగా, పీచుపోగులు లేకుండా చక్కగా ఉంది. మా ఇంటాయన అరటిపండు వలుచుకుంటూ, "సీమంతానికి సున్నుండలు తెస్తారు గాని, బావా, పొట్టు తేవడం నిన్నే చూశాను" అన్నాడు. "తినేవోలు ఎవలో సూసుకుని తెచ్చినానొరే. నీకు కాదు" అన్నాడాయన.

సారె కాదనకూడదు. అయితే ఆ ఊళ్ళో కొబ్బరిడొక్కలు ఎక్కడ నానబెడతారో నాకు తెలుసు. ఉప్పుమళ్ళ పక్క కాలవలో. పిడికెడు పొట్టు గిన్నెలో నానబెట్టి, పిండి, ఆ నీటిచుక్క నాలుక మీద వేసుకున్నాను. చారులో రెండోసారి ఉప్పు పడినట్టుంది. తొట్టిలో పోసి కడగడం మొదలుపెట్టాను. వదిన గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

"సారె కడిగీడం ఏ ఊరి ఆచారమో సెప్పు ఒదినా, మేమూ నేర్సుకుంటాం."

"ఉప్పు ఉంది వదినా. పసిమొక్కలు ఆగలేవు."

"మా ఊరి ఉప్పునీల్లు తాగే పెరిగినాది మీ తోటికోడలు. ఉప్పుకి సచ్చిపోనాదేటి? కొబ్బరిసెట్టుకి గంపెడు ఉప్పేస్తేగాని కాయదు."

"ఇది కొబ్బరిచెట్టు కాదు గదా."

"కాదులే. నీ లెక్కల పుస్తకంలో ఏటున్నాదో అదే."

ఆరుసార్లు కడిగాను. ప్రతిసారీ పిండి నాలుక మీద వేసుకున్నాను. ఆరోసారికి చప్పబడింది. అప్పుడు పెద్ద డేగిశాలో అడుగున నీళ్ళు పోసి, పైన జల్లెడ పెట్టి, పొట్టుకీ ఊకకీ గంటసేపు ఆవిరి పట్టాను. మా బోరునీళ్ళు కాస్త కటువు. అందుకని మొక్కల మీద చల్లడానికి శుద్ధి చేసిన మంచినీళ్ళ క్యాన్లు రెండు తెప్పించి, నీలం డ్రమ్ములో పోసి మూత పెట్టాను. నలభై లీటర్లు.

ఆదివారం ఉదయం లాబ్ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఒక సీసాలో మొక్కల మొదట్లో తెల్లని దూదిలా బూజు కనిపించింది. ఆమె మూత కూడా తీయనివ్వలేదు. "దీన్ని తెరిస్తే మిగతావాటికీ పడుతుంది" అని సీసాతోనే సంచిలో వేసి కట్టేసింది. పన్నెండు మొక్కలు. వాటిని కళ్ళతో చూస్తూనే పారేశాం.

మిగిలిన ఆరు సీసాలూ తెరిచాం. గోరువెచ్చని నీళ్ళ బేసిన్లో వేసి వేళ్ళకి అంటిన జెల్లీ పోయేలా వేలికొసలతో కడగాలి. తీపి మిగిలితే బూజు వస్తుంది. వదిన, నేను, ఆ పిల్ల బేసిన్ చుట్టూ పీటలేసుకుని కూర్చున్నాం. వదిన చేతులు నాకన్నా నయం. ఆమె ఒక్కటీ విరవలేదు. నేను మెడ దగ్గర రెండు విరిచాను. బూజు మందు నీళ్ళలో ముంచి తీసి, గుంటల ట్రేల్లో నాటాం.

మొదటి ట్రేలో పొట్టు, పెర్లైట్: ముప్పై. రెండో ట్రేలో పొట్టు, కాల్చిన ఊక: ఇరవై నాలుగు. అక్కడికి కడిగిన పొట్టు అయిపోయింది. రెండో సంచి కడిగి ఆవిరి పట్టేసరికి పూట గడిచిపోతుంది, ఈలోపు మొక్కలు వాలతాయి. అప్పుడు వెళ్ళి ఆ ఇసుకబస్తా మూతి విప్పాను. ముడి గట్టిగా ఉంది. గోళ్ళతో రాలేదు, కత్తెరతో కోయాల్సి వచ్చింది. దోసెళ్ళతో తెచ్చి, పెనం మీద వేయించి, చల్లార్చి, ఊకలో సగంపాలు కలిపాను. మూడో ట్రేలో పదహారు.

"మీ తోటికోడలి మాట నెగ్గించినావు" అంది వదిన.

ఆమె మాట కోసం వేశానని చెప్పలేను. పొట్టు చాలలేదు, అంతే. పైగా ఆ ట్రే మీద నాకు నమ్మకం లేదు. గుడారంలో గాలి ఎక్కువగా తగిలే అంచున పెట్టాను, పోతే అవే ముందు పోతాయని.

డెబ్బై మొక్కలు. పాలితీన్ కప్పాక లోపల ఆవిరి చుక్కలు పట్టి, వాటి వెనక పచ్చగా మసకగా కనిపించాయి. చాలాసేపు అక్కడే నిలబడ్డాం. వాళ్ళ అమ్మ నూతిగట్టు మీద కూర్చుని, రోజూ సాయంత్రం ఆ పూలు ఎడమచేతి మీదుగా మాల కట్టేదని, చెల్లెలు ఆ దారం కొస పళ్ళతో తెంపేదని అన్నయ్య చెప్పాడు. ఆ పళ్ళతో తెంపడం నాకు తెలుసు. కత్తెర పక్కనే పెట్టినా పళ్ళతోనే తెంపేది.

సోమవారం ఉదయం బండికి వాళ్ళిద్దరూ నౌపడ వెళ్ళిపోయారు.

రోజుకి ఆరుసార్లు పాలితీన్ ఎత్తి, సన్నటి స్ప్రేయరుతో మంచులా నీళ్ళు కొట్టేదాన్ని. మంగళవారం సాయంత్రానికి కొన్ని ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగాయి. ఎండ ఎక్కువైందేమోనని పైన మరో వరస షేడ్‌నెట్ వేశాను. బుధవారం అంచులన్నీ కాలినట్టయ్యాయి. పొట్టు ట్రేల్లో ఎక్కువ. అప్పుడు సారె మీదకే నా మనసు పోయింది. ఆరుసార్లు చాలలేదేమో. ఏడోసారి కడగకుండా ఎందుకాగాను? ట్రే అంచున పొట్టు పిండి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు.

లాబ్ అమ్మాయి గురువారం వచ్చింది. పెన్నులాంటి మీటరు తెచ్చింది. నీళ్ళలో ముంచితే ఉప్పు ఎంతుందో అంకె చూపిస్తుందది. పొట్టు పిండిన నీళ్ళలో పెట్టి ముఖం చిట్లించింది. ఇసుక ట్రే కింద కారిన నీళ్ళలో పెట్టింది. అక్కడా ఎక్కువే.

"ఇసుకలో పొట్టు లేదు కదా మామ్మగారూ. మరి ఇందులోకి ఎలా వచ్చింది?"

ఇద్దరం ఒకేసారి నీలం డ్రమ్ము వైపు చూశాం. ఆమె మీటరు ముంచబోతుంటే నేను దోసిలితో తీసి తాగాను. సముద్రం కాదు గాని, కన్నీళ్ళంత ఉంది.

పొట్టు కడిగిన నీళ్ళు ఆరుసార్లు రుచి చూసినదాన్ని, చల్లే నీళ్ళు ఒక్కసారీ చూడలేదు. క్యాన్లో వచ్చాయి గదా అనుకున్నాను. క్యాను అడుగున మిగిలిన నీళ్ళు తాగితే చప్పగా ఉన్నాయి. అంటే డ్రమ్ములోనే ఎవరో కలిపారు. ఇప్పుడు ఇంట్లో నేనూ మా ఇంటాయనా తప్ప ఇంకెవరూ లేరు. ఆయన డ్రమ్ము మూత ఏ వైపు తిరుగుతుందో కూడా ఎరగడు.

నౌపడకి ఫోన్ చేశాను. వదినే ఎత్తింది.

"మొక్కలెలగున్నాయి ఒదినా?"

"వదినా, నీలం డ్రమ్ములో ఏమైనా వేశావా?"

"ఏటీ ఏయలేదు... ఆ, దిష్టి తీసినాను కదేటి. ఆదివారం నాటీసినాక, నువ్వు లోపల వంట సేస్తన్నావు. అన్ని మొక్కలు ఒక్కపాలి నాటితే దిష్టి తగలదా? ట్రేకొక గుప్పిడు ఉప్పు తిప్పి, నీల్లలో ఏసినాను. మాకాడైతే కాలవలో ఏస్తాం. మీకాడ కాలవేది? ఉప్పు కరిగినట్టు దిష్టి కరగాల గదా."

మూడు ట్రేలు, మూడు గుప్పిళ్ళు. నౌపడ రాళ్ళుప్పు. సంచిలో వెంట తెచ్చుకుంది.

నాకు దాచి మాట్లాడడం రాదు. చెప్పేశాను. ఆ నీళ్ళే నాలుగు రోజులుగా చల్లానని, ఆకులు కాలిపోతున్నాయని, సీసాలు ఇంకెక్కడా లేవని. అటు నుంచి రైలు కూత వినిపించింది.

"నా సేత్తో తీసినాను దిష్టి. నా సేత్తోనే తగిలించీసినాను" అని ఫోన్ పెట్టేసింది.

ఆ అమ్మాయి అప్పటికే డ్రమ్ము ఒంపేసి కడుగుతోంది. కొత్త క్యాన్లు తెప్పించాం. ట్రేల్లోంచి ఉప్పు దిగిపోయేలా మంచినీళ్ళు పోయడం తప్ప మార్గం లేదు. పోశాం. అక్కడ తేడా తెలిసింది. పొట్టు ఏది తాగితే దాన్ని పట్టుకుంటుంది. నీళ్ళను పట్టుకుంటుందనే దాన్ని ఎంచాను, ఉప్పునీ అలాగే పట్టుకుంది. ఎంత పోసినా పూర్తిగా వదల్లేదు. పోసిన నీళ్ళతో నానిపోయి, గాలాడక, శనివారానికి మొక్కల మొదళ్ళు నల్లబడ్డాయి. వేలితో తాకితే ఊడి వచ్చాయి. పొట్టులో ఊక కలిపిన ట్రే కాస్త నయం. ఇసుక ట్రేలో పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి దిగిపోయాయి. మూడోసారికి మీటరు అంకె పడిపోయింది. దేనికైతే ఇసుకని ఏళ్ళ తరబడి తిట్టానో, ఆ గుణమే అది.

ఇందులో గెలుపు ఏమీ లేదు. ఉప్పు పడకపోయి ఉంటే పొట్టు ట్రేలే ముందుండేవని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఈ మాటకి ఆమె ఏమని ఎత్తిపొడిచేదో కూడా తెలుసు. కాని నా ఊహలో ఆమె చెప్పే జవాబుకి బదులు చెప్పడం సరదాగా ఉండదు. నిజం మనిషి మనం అనుకోనిది అంటుంది.

సోమవారం మధ్యాహ్నం వదిన ఒక్కతే బస్సు దిగింది. చేతిలో బట్టల సంచి. గుమ్మంలో నిలబడి, "నన్ను తిట్టాలంటే ఇప్పుడే తిట్టీ. తరవాత పనున్నాది" అంది.

"లోపలికి రా. కాఫీ తాగు."

"ముందు మొక్కలు సూపించు."

చూపించాను. కాలిన ట్రేలు దాటేసింది. ఇసుక ట్రే ముందు కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క మొక్క దగ్గరా వంగి చూసింది. ఆకులన్నీ గోధుమరంగే. కాని ఏడెనిమిదింటికి నడిమధ్య ఆవగింజంత పచ్చదనం ఉంది. "ఇది బతికున్నాది. ఇదీ బతికున్నాది" అని గోరుతో చూపించింది.

ఆవిడ ఇరవై రెండు రోజులు మా ఇంట్లో ఉంది. నీళ్ళు కొట్టే పని నన్ను ముట్టనివ్వలేదు. ప్రతిసారీ స్ప్రేయర్లో పోసే ముందు ఆ నీళ్ళు అరచేతిలో వేసుకుని చప్పరించేది. తన నాలుక మీద నమ్మకం లేక నన్నూ పిలిచి రుచి చూడమనేది. రోజుకి ఆరుసార్లు ఇద్దరం ఎదురుబొదురుగా నిలబడి నీళ్ళు చప్పరించేవాళ్ళం. మా ఇంటాయన చూసి, "తీర్థం నాకూ పోయండి" అనేవాడు.

సాయంత్రాలు నా జడ దువ్వుతానని కూర్చునేది. ఉన్న నాలుగు వెంట్రుకలకి జడ ఏమిటని నేను, మా ఆడబడుచు దువ్వింది కదా అని ఆవిడ. దువ్వేటప్పుడు తోటికోడలి గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడకి తెలిసినది పరికిణీ కట్టిన పిల్ల. నాకు తెలిసినది చేతులకి మట్టి అంటిన మనిషి. ఒకే మనిషి గురించి చెప్పుకుంటున్నట్టు ఉండేది కాదు. ఆ పిల్లని నేను చూడలేదే అని అప్పుడు నాకు కొత్తగా ఒక బెంగ పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా ఆమెతో నౌపడ వెళ్ళి వారం రోజులు ఉండలేదు. రమ్మనేది. నర్సరీకి నీళ్ళెవరు పెడతారని నేనే వెళ్ళలేదు.

ఫాల్గుణం వెళ్ళేలోపు పాలితీన్ మొదట వేలెడు, తర్వాత జానెడు, తర్వాత సగం ఎత్తుతూ బయటి గాలి అలవాటు చేశాం. చైత్రంలో తొమ్మిది మొక్కలు కుండీలకి మారాయి. ఊక, ఇసుక, కొద్దిగా ఆకుల ఎరువు. ఒకదాన్ని నత్త తినేసింది. రెండు కుండీలు వదిన మళ్ళీ వచ్చి నౌపడ పట్టుకెళ్ళింది. అక్కడి నూతినీళ్ళు పోయవద్దని, వానాకాలం దాకా మంచినీళ్ళ క్యాను వాడమని పది సార్లు చెప్పాను. "ఇంక నా వంటలోనే ఉప్పెయ్యను, సాలా?" అంది.

శ్రావణంలో మా కుండీల్లో ఒకటి వెన్ను వేసింది. నాలుగు రోజులకి కింది పూలు విడిచాయి. నేను పొద్దున్నే వెళ్ళి చూశాను. పప్పు రంగే అనిపించింది. కాని అదే రంగని పోల్చి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఫోటోల్లో దాని రంగు నారింజలా పడింది. నా కళ్ళకి శుక్లాలు తీశాక అన్ని రంగులూ కాస్త మారాయి. తలెత్తి "ఒసే, ఇది అదేనా?" అని అడగాలనిపించింది. అడగడానికి నోరు కూడా తెరిచాను.

వీడియో కాల్లో వదినకి చూపించాను. "అదే" అంది వెంటనే. అంత త్వరగా ఎలా చెప్పావంటే, "నువ్వు ఊ అనమని సూస్తన్నావు కదేటి" అంది. ఆ తర్వాత, "కాదు ఒదినా, నిజంగా అదే. దగ్గరకి పెట్టు, ఇంకా దగ్గరకి పెట్టు" అని తెర నిండా పూవు వచ్చేదాకా ఫోన్ జరిపించింది. 

ఏడు పూలు వచ్చాయి. దారం వేసి కట్టాను. మూర కాదు, బెత్తెడు కూడా రాలేదు. కట్టాక దారం తెంపాలి. కత్తెర దగ్గరే ఉంది. కొంచెంసేపు ఆ పూలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తర్వాత కత్తెరతోనే తెంపాను.

ఈ ఏడు భాద్రపదం నాటికి లెక్క ఇది. సీసాలో బూజు పట్టి పోయినవి పన్నెండు. కడిగేటప్పుడు నా చేతిలో విరిగినవి రెండు. పొట్టు, పెర్లైట్ ట్రేలో ముప్పైకి ముప్పై. పొట్టు, ఊక ట్రేలో ఇరవై రెండు. ఇసుక, ఊక ట్రేలో తొమ్మిది. నత్త తిన్నది ఒకటి. నౌపడలో వైశాఖం ఎండకి పోయినది ఒకటి. మొత్తం పోయినవి డెబ్బై ఏడు. తల్లిమొక్కని ఈ కూడికలో వేయలేదు.